హారతి ఆపిన చెల్లెలు

పోయిన శుక్రవారం తెల్లవారుజామున మా చెల్లెలు గుండెపోటుతో వెళ్లిపోయింది. నాంపల్లి ఐస్ రింకులో స్కేటింగ్ నేర్చుకున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు మీలో ఉంటారు. అక్కడ మేనేజర్ మేడం అంటే తనే.

గుడికి వెళ్లినా ముందు బయటికి దారులు వెతికేది. "నువ్వు దేవుణ్ణి చూడు అక్కా, నేను తలుపులు చూస్త" అనేది. నవ్వేదాన్ని.

రింకులో మంచు గడ్డకట్టించే పాత గ్యాస్ తీసేసి అమ్మోనియా పెట్టినప్పుడు తనకు నిద్ర లేదు. అది పాత గ్యాసులా ఆకాశంలోని ఓజోన్ పొరకు చెరుపు చేయదట. కానీ లీకైతే కళ్లు, ఊపిరి మండిపోతాయి. "ఘాటు వాసనొస్తది, గదే దాని మంచిగుణం. చెప్పకుండ మీదికి రాదు" అంది ఒకసారి, ఆబిడ్స్‌లో మా ఇంట్లో చాయ్ తాగుతూ.

కొత్త మిషన్‌కు ఓనర్ పూజ పెట్టించాడు. నన్నూ పిలిచారు. మిషన్ నడుస్తోంది, గోడ అవతల మంచు మీద పిల్లలు. దీపం నిలవడం లేదని ఓనరే మిషన్ రూములో గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఆపించాడు. సాంబ్రాణి పొగ కమ్ముకుంది. హారతి నా చేతిలో ఉంది.

చెల్లెలు లోపలికి వస్తూనే ఆగిపోయింది.

"ఫ్యాన్ ఎవరు ఆపిన్రు?"

"ఐదు నిమిషాలే మేడం. దేవునికి గాలి కావాల్నా ఏంది?" అన్నాడు ఓనర్.

"దేవునికొద్దు సార్, మనకు కావాలె. గీ పొగల గ్యాస్ వాసనెట్ల తెలుస్తది? అక్కా, హారతి ఆర్పు."

హారతి మధ్యలో ఆర్పడమా! తను నా కళ్లలోకి చూసింది. ఆర్పేశాను. ఓనర్ ముఖం మాడ్చుకున్నాడు. తను సాంబ్రాణి బయట పెట్టించి, ఫ్యాన్ వేసింది.

పొగ పలచబడ్డాక ఆ ఘాటు ముక్కుకు గుచ్చుకుంది.

"అందరు బయటికి! ఉరకొద్దు, నడువున్రి" అంది. మెకానిక్‌లిద్దరు మాస్కులు తగిలించుకుని వాల్వు కట్టేయడానికి వెళ్లారు. ఓనర్ పిల్లల్ని ముందు గేటు వైపు తోస్తుంటే చెల్లెలు అడ్డం నిలబడింది.

"పొద్దుగాల చూసిన సార్, గాలి గటే పోతున్నది, గ్యాస్ గూడ గటే పోతది. ఎన్క తలుపుకు తిప్పున్రి."

ఒక జాయింటు దగ్గర సన్నగా కారిందట. ఎవరికీ ఏమీ కాలేదు. సగంలో ఆగిన నా హారతికి దేవుడు కోపగించుకోలేదనే నమ్ముతున్నాను.

ఇప్పుడు దండం పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఆ వెనక తలుపే కనిపిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో చెల్లెలు కొంగు పైకెత్తి పట్టుకుని గాలి చూస్తోంది. కొంగు ఎగిరే వైపుకు ఎదురుగా, స్కేట్లు తొడిగిన కాళ్లతో తడబడుతూ, పిల్లలు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు.