కొమ్మ కనపడని సినిమా

ఆ సినిమాలో మా నాన్న కనిపించేది ఊపిరి బిగబట్టినంతసేపే. ఆ కాస్తలోనే ఆయన గడ పైకెత్తి అరుస్తూ ఒక కూలిమనిషి మీదికి పరుగెత్తుతారు. ఆమె రెండు చేతులూ తలమీద పెట్టుకుని ముడుచుకుపోతుంది. తర్వాత బుట్టలు, లారీ, దుమ్ము. అంతే.

నూజివీడు మామిడి మీద టీవీ కోసం తీసిన చిన్న సినిమా అది. హైదరాబాదు నుంచి ఒక గడ్డం డైరెక్టరు, ఒక కెమెరా మనిషి వచ్చి, ముసునూరు దారిలో ఉన్న మా తోటలో ఒక పగలంతా తీశారు. "మేం ఏదీ కల్పించమండీ. ఉన్నదున్నట్టు తీస్తాం" అన్నాడు డైరెక్టరు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఎరువుల కొట్టువాళ్లు నాన్నకు ఇచ్చే డైరీలో రోజూ రాసుకునేదాన్ని. నేనూ ఉన్నదున్నట్టే రాస్తున్నానని నా నమ్మకం.

నిజానికి ఆ రోజు మా తోటలో ఉన్నదున్నట్టు ఉన్నది చెట్లు మాత్రమే. కూలివాళ్లను ఉతికిన బట్టలు కట్టుకు రమ్మని నాన్న ముందే చెప్పారు. మధ్యాహ్నం అందరికీ పులిహోర చేయించారు.

"ఏంటండీ, కెమెరా వస్తే గానీ వాళ్లకి పులిహోర పెట్టాలని గుర్తురాలేదా? రోజూ సద్ది తెచ్చుకునేవాళ్లేగా" అంది అమ్మ, పోపు వేస్తూ.

"ఒక్కరోజు పెడితే నీ సొమ్మేం పోయిందే? కాస్త చింతపండు ఎక్కువెయ్" అన్నారు నాన్న.

వాళ్లు వరసగా కూర్చుని తింటుంటే, నాన్న స్వయంగా వడ్డిస్తుంటే, కెమెరా అదంతా తీసింది. నేను మంచినీళ్ల బిందె దగ్గర నిలబడి, కెమెరా నావైపు తిరిగినప్పుడల్లా చెట్టు చాటుకు పోయాను.

భోజనాలయ్యాక ముసలి చిన్నరసం చెట్టు కోస్తున్నారు. కోత మనిషి చిక్కంతో, అంటే కొసన వలసంచి కట్టిన గడతో, పైన ఉన్నాడు. కింద ఒకామె కాయలను తొడిమ కిందికి వచ్చేలా పేర్చి సొన ఓడుస్తోంది. మా తోటలో ఏళ్లుగా ఆ పని ఆమెదే. సొన కాయకు అంటితే తోలు మాడి మచ్చపడుతుంది, అందుకని వంచిన తల ఎత్తకుండా చేస్తుంది. పైన ఎండుకొమ్మ విరుగుతున్న చప్పుడు నాన్న విన్నారు. పక్కనున్న గడ లాక్కుని, "లెగు, అవతలకి పో" అని కేకేస్తూ పరుగెత్తి, గడతోనే ఆమెను పక్కకు నెట్టారు. ఆమె కూర్చున్న చోటే కొమ్మ పడింది. కోత మనిషి పైకొమ్మ పట్టుకుని వేలాడి బతికాడు.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం సాయంత్రం, రైసుమిల్లు వాళ్లింట్లో ఊరంతా కూర్చుని ఆ సినిమా చూశాం. కూలివాళ్లు వరండా మెట్ల మీద కూర్చున్నారు. సినిమాలో మా మాటలు వినపడవు. తియ్యటి పండు వెనకాల ఎవరి చెమట ఉందో, ఎవరి భయం ఉందో అంటూ ఒక బరువైన గొంతు చెబుతుంది. పులిహోర లేదు. కొమ్మ లేదు. నాన్న ఉన్నారు, గడ ఉంది, ముడుచుకున్న ఆమె ఉంది.

సినిమా అయ్యాక మిల్లాయన, నాన్నకు వరసకు బావమరిది, "హీరో వేషం అనుకుంటే విలను వేషం ఇచ్చారేంటి బావా" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ వారమంతా ఆయన నూజివీడు వెళ్లలేదు. మార్కెట్లో వ్యాపారులు అదే మాట అడుగుతారని ఆయన భయం.

ఒక పొద్దున కాఫీ తాగుతూ నన్ను పిలిచారు. "అమ్మాయ్, నువ్వేదో రాస్తుంటావుగా. ఆ రోజు ఏం రాశావో చదువు."

నా డైరీ ఎవరూ చూడరని అనుకున్నాను. చదివాను. "ఎండుకొమ్మ విరిగింది. నాన్న చూసి పరుగెత్తకపోతే ఆమె బతికేది కాదు."

"అదీ" అన్నారు నాన్న. ఆయన ముఖం తేటపడింది. "అదే రాసి ఆ గడ్డపాయనకి పంపు. తప్పు తీశారు, సరిచెయ్యమని రాయి."

ఉత్తరం కోసమని డైరీ ముందు పేజీలు తిప్పాను. సినిమా వాళ్లు రావడానికి నాలుగు రోజుల ముందు రాసింది కనిపించింది: "ఈరోజు గాలి. రెండు చెట్లు కోశారు. లైబ్రరీ పుస్తకం అయిపోయింది." నిజమే. కానీ ఆ రోజే ఒక బుట్ట కాయలు జారి నేలపాలయ్యాయని నాన్న ఆమె మీద అరిచి, అదే గడ పైకెత్తారు. కొట్టలేదు. ఆమె అప్పుడూ అలాగే రెండు చేతులూ తలమీద పెట్టుకుని ముడుచుకుపోయింది. నేను చూశాను. రాయలేదు. ఎందుకు రాయలేదో ఎంత ఆలోచించినా తెలియలేదు. డైరెక్టరు కొమ్మను తీసేశాడు, సరే. మరి నేను తీసేసినదాన్ని ఏమనాలి?

ఆమె ఖాళీ బుట్టలు సర్దుతుంటే షెడ్డులోకి వెళ్లి అడిగాను. "సినిమాలో నాన్నను తప్పుగా చూపించారు కదా?"

"ఆ రోజు అయ్యగారు నన్ను కాపాడారండి. లేకపోతే ఈపాటికి నా ఫొటోకి దండేసేవోళ్లు" అని నవ్వింది. ఇంకో బుట్ట అందుకుని, "అయినా సినిమాలో ఉన్నది కూడా అయ్యగారేగదండీ, అమ్మాయిగారూ" అంది.

ఉత్తరం రాశాను. కొమ్మ సంగతి రాశాను. తర్వాత చెయ్యి ఆగలేదు. పులిహోర ఆ ఒక్కరోజే పెట్టామని, నాలుగు రోజుల ముందు గడ ఎత్తడం కూడా జరిగిందని రాశాను. నాన్నకు ఇచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను. "నువ్వక్కడ ఉన్నావా ఆ రోజు?" అన్నారు. ఉన్నానన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని తోటకు వెళ్లిపోయారు. పోస్టు చేశారో లేదో చెప్పలేదు, నేను అడగలేదు. హైదరాబాదు నుంచి జవాబు మాత్రం రాలేదు.

మరుసటి ఏడు మొదటి కోత ముందు రోజు, నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు పులిహోర చెయ్యి, ముప్ఫై మందికి" అన్నారు.

"ఈసారి ఎవరొస్తున్నారండీ?" అంది అమ్మ.

"ఎవరూ రావట్లేదు."

మర్నాడు కూడా ఆయనే వడ్డించారు. కెమెరా లేదు, నేనున్నాను. వడ్డిస్తూ ఒకసారి నావైపు చూశారు. సాయంత్రం డైరీలో పులిహోర అని రాసి, ఆ పక్కన ఇంకేం రాస్తే నిజమవుతుందో తేలక, చాలాసేపు కూర్చున్నాను.