కుక్కపిల్లకు తీసిన తరుగు

గురజాల బస్టాండు వెనక తల్లి కుక్క లారీ కింద పడిన రోజున, మిగిలిన ఒక్క పిల్లను సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నెలన్నర పిల్ల అన్నాడు. "మూడు నెలల దాకా రోజుకు నాలుగు సార్లు పెట్టండి. ఆరు నెలల దాకా మూడు. ఆ తర్వాత రెండు చాలు. ముసలిదయినా రెండే, కాకపోతే తక్కువ తక్కువ. ఈ వయసుకు రెండు కిలోలన్నా ఉండాలి."

ఆ చివరి అంకె నన్ను పట్టుకుంది. నేను మిర్చి కొట్లో కాటా వేస్తాను. ఇంటికి రాగానే పిల్లను గుడ్డసంచిలో కూర్చోబెట్టి కొక్కెం కాటాకు తగిలించాను. కిలో అని రాసుకున్నాను. సగానికి సగం తక్కువ.

ఇక కుదురు లేదు. నాలుగు సార్లు ఐదయింది, ఐదు ఏడయింది. బస్తాలు తూస్తూ గడియారం చూసేవాణ్ణి. మధ్యలో బండి తీసుకుని ఇంటికి పరుగెత్తి పాలన్నం కలిపి నోటికి అందించేవాణ్ణి. అంకె కదల్లేదు. నాలుగో రోజు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి తల ఎత్తలేదు.

మళ్లీ తూస్తుంటే మా ఆవిడ వెనక నిలబడింది.

"ఏందయ్యా, రెండు చూపిస్తంటే ఒకటి రాస్తన్నావు?"

"సంచి తరుగు తియ్యొద్దా?"

"ఈ గుడ్డసంచి కిలో ఉంటదా? రైతు దగ్గర తీసినట్టు కుక్కపిల్ల దగ్గర గూడా తీస్తన్నావా!"

కొట్లో ప్రతి బస్తాకూ గోతం బరువని కిలో తరుగు తీసేస్తాం. ఇక్కడా నా చెయ్యి అదే పని చేసింది. పిల్ల మొదటి రోజు నుంచీ సరైన బరువే ఉంది.

డాక్టరు సూది వేశాడు. "పాలు ఆపండి. పలచటి గంజన్నం, నాలుగే సార్లు. మధ్యలో పెట్టేటట్టయితే ఇక నా దగ్గరికి తీసుకురావద్దు."

మర్నాడు కొట్టుకు వెళ్లలేదు. ఆరింటికి పెట్టిన గంజిని పిల్ల రెండుసార్లు నాకి వదిలేసింది. మళ్లీ పెట్టాల్సింది పదకొండింటికి. లేచాను, కూర్చున్నాను, గిన్నె దాకా మూడుసార్లు వెళ్లాను.

"ముట్టుకోమాక. కూర్చో," అంది ఆవిడ.

పదిన్నరకు పిల్ల లేచింది. తడబడుతూ నా దగ్గరికొచ్చి, గిన్నె వైపు చూసి కుయ్యిమంది. మా ఇంటికొచ్చాక అది ఆకలని అడగడం అదే మొదటిసారి. ఇంకా అరగంట ఉంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.