చెయ్యి లేస్తే గట్టిమేళం

పక్క ఫ్లాటువాళ్లు పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించినప్పుడల్లా మా అపార్ట్‌మెంటంతా దగ్గుతుంది. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి మిరపఘాటుకు దగ్గడమేమిటని మా ఆయన నవ్వుతాడు గానీ, పాపం ఆయనా దగ్గుతూనే నవ్వుతాడు. నేను మాత్రం దగ్గితే తాళంలో దగ్గుతాను. గొప్పకు చెబుతున్న మాట కాదిది. చిన్నప్పుడు మా కోటయ్య మాస్టారు అలా నేర్పారు, అది ఒంట్లో ఉండిపోయింది.

మా ఊరు నరసరావుపేట నుంచి వినుకొండ వెళ్లే దారిలో ఉంది. ఊరి చివర చర్చి, చర్చి వెనక రేకుల హాలు, హాలు గోడకు అటు పక్క పత్తి మిల్లు, ఎదురుగా మిరప కల్లాలు. చలికాలం మొదలయ్యేసరికి మిల్లులోంచి పత్తి నూగు తేలుతూ వచ్చి మా జడల్లోనూ, హార్మోనియం మెట్ల సందుల్లోనూ చిక్కుకునేది. అది తగ్గిందనుకునేలోపు కల్లాల మీద ఎర్రగా కాయలు పరిచేవాళ్లు, సాయంత్రం గాలి తిరిగిందంటే ఆ ఘాటంతా తిన్నగా హాల్లోకి వచ్చి, పాడేవాళ్ల గొంతు పట్టుకుని, వాయించేవాళ్ల కళ్లల్లో నీళ్లు తెప్పించేది. ఆ హాల్లోనే మా సంగీత బడి. ఊళ్లో నలుగురూ కలిసి అనుకుని పెట్టింది. పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అనేవాళ్లం, సాయంత్రం పూట హాలు ఉత్తినే వాడుకోమన్నారు. నేర్పడానికి ఇద్దరు మాస్టర్లు. ఇద్దరికీ వాయించడమే బతుకుతెరువు, చెప్పడం తీరిక ఉన్నప్పటి పని.

దానియేలు మాస్టారిది హార్మోనియం. శనివారం రాత్రి ఏదో పల్లెలో పద్యనాటకానికి తెల్లవార్లూ వాయించి, మొదటి బస్సుకు దిగి, మొహం కడుక్కుని ఆదివారం ఆరాధనలో అదే పెట్టె ముందు కూర్చునేవారు. ఎప్పుడైనా నిద్రమత్తులో కీర్తన మధ్యలో నాటకపు రాగం తొంగిచూసేది. ఆడవాళ్లు కొంగుల చాటున నవ్వుకునేవాళ్లు. కోటయ్య మాస్టారిది డోలు. తాతల నాటి నుంచీ వాళ్లింటి విద్య అది, ఆ చుట్టుపక్కల పెళ్లంటే ఆయన డోలు ఉండాల్సిందే. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో పొట్టి కర్ర, నుదుట గంధం, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. పెళ్లి నుంచి తిన్నగా బడికి వస్తే కాగితంలో చుట్టిన లడ్డూలు తెచ్చేవారు, నలిగిపోయి సగం బూందీ అయిపోయి ఉండేవి, ఆ బూందీ కోసమే మేం కొట్టుకునేవాళ్లం. క్రిస్మస్‌కు మా ఇళ్ల నుంచి ఆయనకు అరిసెలూ జంతికలూ వెళ్లేవి.

మా బడికి టైంటేబులు పంచాంగమే. ముహూర్తాలుంటే కోటయ్య మాస్టారు కనపడరు. ముహూర్తాలు లేని మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, ఇక రోజూ పాఠమే. అందుకని మూఢం ఎప్పుడొస్తుందా అని మేం పండగలా ఎదురుచూసేవాళ్లం. "పెళ్లిళ్లు లేవని గంతులేసే పిల్లల్ని మిమ్మల్నే చూశానే తల్లీ!" అని మా నాయనమ్మ మరియమ్మ బుగ్గలు నొక్కుకునేది. ఆవిడ మిరపకోతలకు వెళ్లే మనిషి, చేలో ఆ చివర కోస్తుంటే మాట ఈ చివరికి వినపడేది. మాకు సంబరమే గానీ మూఢమంటే మాస్టారికి పస్తుల కాలం. ఆ నెలల్లో ఆయనింట్లో పొయ్యి వెలిగేది మేమిచ్చే జీతాలతోనే. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

నేను డోలు నేర్చుకున్నాను. బడికున్నది ఒక్కటే డోలు కాబట్టి మా వంతు వచ్చేదాకా బెంచీల మీద వాయించాలి. ఘాటెక్కి మేం దగ్గుతుంటే ఆయన పాఠం ఆపేవారు కాదు. "దగ్గండమ్మా, దగ్గండి. తాళం తప్పకుండా దగ్గండి!" అనేవారు. అన్నిటికన్నా గట్టిగా నేర్పింది గట్టిమేళం. తాళి కట్టే క్షణాన ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి పాడుమాటా పెళ్లివాళ్ల చెవిన పడకూడదు, అందుకే ఆ మోత. "పంతులుగారి చెయ్యి లేచిందా, మేళం పడాలి. అడగొద్దు, ఆలోచించొద్దు" అనేవారు. పాఠం మధ్యలో, కుళాయి దగ్గర నీళ్లు తాగుతుండగా, ఇంటికి పోతుండగా ఉన్నట్టుండి చెయ్యెత్తేవారు. చేతిలో ఏది ఉంటే దాని మీద మేం వాయించాలి. పలక, టిఫిను డబ్బా, ముందున్నవాడి వీపు. స్కూల్లో టీచరు "తెలిసినవాళ్లు చేతులెత్తండి" అన్న రోజు ఏమైందో నేను చెప్పక్కర్లేదు.

సంఘపెద్దల్లో ప్రకాశరావుగారికి ఇదేం నచ్చలేదు. ఆయన మంచివాడే, కాకపోతే పట్టుదల మనిషి, హాలు తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. దేవుడి హాల్లో ఈ పెళ్లిమేళం ఏందని ప్రతి మీటింగులోనూ లేచేవారు. చివరికి అయ్యగారు మధ్యేమార్గంగా, కోతల పండక్కి పిల్లల్ని చర్చిలో వాయించమందాం, సంఘమే విని చెబుతుంది అన్నారు. మర్యాదగా జరిగితే బడి ఉంటుంది, లేకపోతే లేదు. ఆ నెలంతా కోటయ్య మాస్టారు వక్కపలుకు కూడా మానేశారు.

కోతల పండగనాడు ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, అన్నిటికీ ముందు రెండు బుట్టల కొత్త మిరపకాయలు. కోటయ్య మాస్టారు పిడుగురాళ్లలో తెల్లవారుజాము ముహూర్తం వాయించి, కంటి మీద కునుకు లేకుండా వచ్చారు. గేటు దగ్గర ఆగి కండువాతో నుదుటి గంధం తుడుచుకోవడం నేను చూశాను. వాయించడం దివ్యంగా జరిగింది. దానియేలు మాస్టారి పెట్టె, మా డోలు, పిల్లల పాట, ప్రకాశరావుగారి కాలు కూడా చిన్నగా ఊగింది. అమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాం.

తర్వాత అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. చాలా పొడుగు ప్రార్థన. అందరూ కళ్లు మూసుకున్నారు, మిరప బుట్టల మీదుగా ఫ్యాను గాలి తిరుగుతోంది, జనమంతా తుమ్ములు ఆపుకుంటున్నారు. కోటయ్య మాస్టారి తల మెల్లగా డోలు మీదికి వాలింది. చివర్లో దీవెన ఇవ్వడానికి అయ్యగారు చెయ్యెత్తారు. మాస్టారికి సరిగ్గా అప్పుడే మెలకువ వచ్చింది. ఎదురుగా లేచిన చెయ్యి!

గట్టిమేళం పడింది. ఆయన వాయిస్తే మేం ఊరుకుంటామా? బెంచీల మీద, గుమ్మడికాయల మీద అందరం అందుకున్నాం. కోళ్లు కట్లు తెంపుకుని బుట్టల మీద పడ్డాయి, మిరపకాయలు దొర్లాయి, అప్పటిదాకా ఆపుకున్న సంఘమంతా ఒక్కసారిగా తుమ్మింది. ఆ మోతలో ఒక్క తుమ్మూ వినపడలేదు.

మాస్టారే ముందు తేరుకున్నారు. తొడుగులు తీసి లేచి నిలబడ్డారు. "తప్పయిపోయిందండి అయ్యగారూ. చెయ్యి లేస్తే నా చెయ్యి ఆగదండి."

"ఇది దేవుడి మందిరమా, పెళ్లిపందిరా?" అని లేచారు ప్రకాశరావుగారు.

ఆడవాళ్ల వరసలోంచి మా నాయనమ్మ అరిచింది. "ఆయన ఆమేను ఆయన చెప్పాడు. కూచో ప్రకాశం!"

జనం నవ్వారు గానీ లాభం లేకపోయింది. సాయంత్రానికి హాలుకు తాళం పడింది. బడి డోలు లోపలే ఉండిపోయింది.

కొన్నాళ్లు కల్లం పక్కన రాళ్ల మీద పాఠాలు జరిగాయి. వానలు పడ్డాక అదీ లేదు. ఆ ఏడు మూఢం వచ్చింది, మాస్టారికి బోలెడు తీరిక, చెప్పడానికి చోటు లేదు. ఒకసారి నాయనమ్మతో పాటు కూలికి వెళితే, కోల్డ్ స్టోరేజీలో ఆడవాళ్ల మధ్య కూర్చుని మిరప ముచ్చికలు తుంచుతూ కనపడ్డారు. తొడుగులుండే వేళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి, "ఏమ్మా, సాధన చేస్తున్నావా?" అన్నారు. చేస్తున్నానని ఏడుస్తూ చెప్పాను.

క్రిస్మస్ అయ్యాక అయ్యగారి అమ్మాయి లిల్లీ అక్క పెళ్లి వచ్చింది. ఊరంతా వచ్చింది, మాస్టారు కూడా వచ్చి వెనక ఇనపకుర్చీలో కూర్చున్నారు. మేళానికి పిలవలేదు, మనిషిగా పిలిచారు, అంతే. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. అయ్యగారు చెయ్యెత్తారు. ప్రార్థన చేస్తారనుకుని అందరం కళ్లు మూసుకున్నాం. ఎంతసేపటికీ మాట లేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన చెయ్యి అలాగే ఉంది, చూపు జనం మీదుగా వెనక కుర్చీ వైపు ఉంది. పెళ్లికొడుకు తాళి పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. దానియేలు మాస్టారు మాత్రం హార్మోనియం మీద ఒక్క మెట్టే నొక్కిపట్టి శ్రుతి వదలకుండా కూర్చున్నారు.

ప్రకాశరావుగారు విసురుగా లేచి బయటికి వెళ్లిపోయారు. అలిగారనే అనుకున్నాం. కాసేపటికి ఎదురెండలో ఒగురుస్తూ వచ్చారు. మెడలో పట్టీ, పొట్ట మీద బడి డోలు, దాని మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము. తెచ్చి కోటయ్య మాస్టారి ఒళ్లో పెట్టి, "కానీండి మాస్టారూ, అయ్యగారి చెయ్యి పీకుతోంది" అన్నారు. తొడుగులు లేవు. వట్టి వేళ్లతోనే వాయించారు. మర్నాడు హాలు తెరిచారు, నేను ఊరు విడిచి చదువుకు వెళ్లేదాకా అది మూతపడలేదు.

ఇప్పుడా హాలు లేదు. ఆ స్థలంలో ఏసీ ఫంక్షన్ హాలు వచ్చింది, గట్టిమేళం డీజే కుర్రాడి లాప్‌టాప్‌లో ఉంటుంది. పత్తి మిల్లు మూసేశారు. మాస్టర్లిద్దరూ పోయారు, ప్రకాశరావుగారూ పోయారు, మా నాయనమ్మ అరుపూ పోయింది.

అయ్యగారు మాత్రం ఉన్నారు, గుంటూరులోనే, లిల్లీ అక్క దగ్గర. పక్క ఫ్లాటువాళ్లిచ్చిన పచ్చడిలో కాస్త పట్టుకుని మొన్న చూసొద్దామని వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. మరియమ్మ మనవరాల్ని అన్నాను, కోతల పండగన్నాను, డోలన్నాను. మర్యాదకు తల ఊపారు గానీ కళ్లల్లో ఏమీ లేదు. వెళ్లొస్తానండీ అంటే, ఎవరొచ్చినా చేసినట్టే దీవించడానికి చెయ్యెత్తారు.

నేనింకా ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేదు. వేళ్లు కుర్చీ చేతి మీద పడనే పడ్డాయి, ఆపుకోలేకపోయాను. వంటింట్లోంచి లిల్లీ అక్క పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పుల్లలా చిక్కిపోయిన ఆ చెయ్యి గాలిలో వణుకుతోంది. నేను ఆపేదాకా అయ్యగారు దాన్ని దించలేదు.