నొక్కి పట్టిన బటన్

ఆ కట్టడం పనిలో క్రేన్ నడిపేవాణ్ణి అందరూ రేడియో అనేవారు. పైన చిన్న గాజు గదిలో రోజంతా ఒంటరిగా కూర్చునే మనిషి. చేతిలో వాకీటాకీ ఉంటే ఊరుకోలేకపోయేవాడు. వాళ్ల మామగారి పిసినారితనం గురించి చెబుతుంటే కింద తాపీమేస్త్రీలు పని ఆపి పొట్ట పట్టుకుని నవ్వేవారు.

క్రేన్‌కీ, కింద సైగలిచ్చే సిగ్నల్‌మన్‌కీ, కాంక్రీటు పంపు వాళ్లకీ, గేటు కాపలావాడికీ కలిపి ఉన్నది ఒకటే ఛానెల్. ఒకరు బటన్ నొక్కితే మిగతావాళ్లంతా వినాల్సిందే. ఇద్దరు ఒకేసారి నొక్కితే గరగర తప్ప ఏమీ వినపడదు. నొక్కి పట్టినవాడికైతే అవతలి మాట అసలే చేరదు. అందుకే ముందు విను, ఖాళీగా ఉంటే నొక్కు, ముక్తసరిగా చెప్పు, వదిలెయ్ అని ఇంజినీరు అందరికీ నూరిపోశాడు. రేడియోకి అందులో నొక్కడం ఒక్కటే ఒంటబట్టింది.

ఒక రోజు ఇనుప చువ్వల కట్టను గోడ వెనక్కి దించుతున్నాడు. ఆ చోటు పైనుంచి కనపడదు. సిగ్నల్‌మన్ గొంతే అతనికి కళ్లు. "మెల్లగా దించన్నా" అన్నది విన్నాడు. ఇంకా చాలా దూరం ఉందిలే అనుకుని బటన్ నొక్కి, మామగారు ఒకే చెప్పుల జతను ఇద్దరు కొడుకులకు వంతులేసి తొడిగించిన కథ ఎత్తుకున్నాడు. కట్ట దిగుతూనే ఉంది. కథ కొసకొచ్చాక బటన్ వదిలాడు. నవ్వులు వినపడాల్సిన చోట అరుపులు వినపడ్డాయి. "ఆపన్నా, ఆపు" అంటూ సిగ్నల్‌మన్ గొంతు అప్పటికే బొంగురుపోయింది. గోడకీ కట్టకీ మధ్య అతని కాలు నలిగిపోయింది.

మర్నాడు ఇంజినీరు అందర్నీ పిలిచి అడిగాడు. గాలికి కట్ట తిరిగిందన్నాడు తాపీమేస్త్రీ. అవునన్నారు తక్కినవాళ్లు. కథ విని నవ్వినవాళ్లే అంతా. ఆసుపత్రిలో సిగ్నల్‌మన్ కూడా అదే చెప్పాడట. ఇంజినీరు తన వైపు చూస్తే రేడియో తలూపాడు. నోటితో అబద్ధమాడలేదు కదా అని సర్దిచెప్పుకోబోయి, ఆ సర్దుబాటుకే సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇంట్లో మనిషున్నట్టే లేదు, ఏమైంది?" అంది రేడియో భార్య.

"గొంతు బాలేదు" అన్నాడు.

పని దిగాక రోజూ ఆసుపత్రికి వెళ్లేవాడు. కాసేపు మంచం పక్కన కూర్చుని, కట్టు వైపు చూడలేక కిటికీ వైపు చూసి, లేచి వచ్చేవాడు. ఒకసారి వెళ్లేసరికి సిగ్నల్‌మన్ నిద్రపోతున్నాడు. అతని భార్య బత్తాయి వలుస్తోంది.

"ఇవాళ కూడా కబుర్లేం లేవా అన్నయ్యా?" అంది.

"గాలి కాదు చెల్లెమ్మా. నేను బటన్ వదల్లేదు. తను ఆపమంటే నాకు వినపళ్లేదు."

ఆవిడ వలవడం ఆపలేదు. "తెలుసు. మొదటిరోజే చెప్పారాయన."

"మరి నన్ను రోజూ ఎందుకు రానిచ్చావు?"

"మీ నోటితో మీరే చెబుతారేమోనని చూశాను. ఇక చెప్పరులే అని నిన్ననే అనుకున్నాను."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆవిడ తొన ఒకటి ఇవ్వబోతే చెయ్యి చాచలేక తల వంచుకుని బయటపడ్డాడు. అక్కణ్ణించి తిన్నగా ఇంజినీరు దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు.

ఇంజినీరు అతన్ని క్రేన్ మీంచి దింపి సామాన్ల గదిలో వేశాడు. క్రేన్‌కి విడిగా ఛానెల్ పెట్టించాడు. అందులో క్రేన్ నడిపేవాడిదీ, సిగ్నల్‌మన్‌దీ గొంతులు తప్ప మూడోది వినపడకూడదన్నాడు. "ఇది ముందే చెయ్యాల్సింది, నాదీ తప్పే" అని కూడా అన్నాడు. ఆ మాట రేడియోకి ఏమాత్రం ఊరటనివ్వలేదు.

కొన్ని నెలలకు సిగ్నల్‌మన్ ఎడమకాలు ఈడుస్తూ పనిలోకొచ్చాడు. పొద్దున దారిలో ముందు అతను కనపడితే రేడియో అడుగు నెమ్మది చేసేవాడు. ఎదుటపడటానికి ముఖం చెల్లేది కాదు. ఓ రోజు సిగ్నల్‌మన్ ఆగి వెనక్కి తిరిగాడు.

"ఏంటన్నా, నన్ను చూసి వెనకబడుతున్నావ్?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే రా మరి."

రేడియో దగ్గరికొచ్చాడు. "నన్ను ఒక్కసారైనా తిట్టరా."

"తిడతాలే. ముందు నడవనీ, టైమైపోతోంది."

ఇద్దరూ కదిలారు. రేడియో తన అడుగు కుదించుకుని పక్కన నడిచాడు. గేటు దాకా ఆ కాలి వైపు చూడకుండా ఉండలేకపోయాడు.