సంతకం లేనిదే పేపరు లేదు

బద్వేలు దగ్గరి ఒక ఊళ్లో ప్రేమయ్య ముప్పై ఏళ్లుగా గ్రంథాలయం చూసుకుంటున్నాడు. మొదట్లో భలే కచ్చితం మనిషి. వచ్చినవాడు సర్పంచయినా సరే, రిజిస్టరులో పేరూ వేళా రాసి సంతకం చేస్తేనే పేపరు చేతికిచ్చేవాడు. ఇప్పుడు ఎవరినీ అడగడు. తనిఖీకి ముందురోజు తనే కూర్చుని ఊరందరి సంతకాలూ పెట్టేస్తాడు.

ఈమధ్య ఒక కొత్త పుస్తకం వచ్చి ఆయనకు అన్నం సయించకుండా చేసింది. ఊరు రెండు పార్టీలై నరుక్కున్న రోజుల గురించి, ఆ తర్వాత మిగిలిన ఆడవాళ్ల బతుకుల గురించి కడప కాలేజీ మేడమొకామె రాసింది. ఎవరడిగినా "బైండింగుకు పోయింది" అంటున్నాడు.

ఆ రోజు, ఆ ఆడవాళ్లలో ఒకామె వెంకటలక్ష్మమ్మ లోపలికి రాగానే మర్యాదకు లేచి నిలబడ్డాడు. కుర్చీలో పుస్తకం బయటపడింది. అట్ట మీద ఆమె ఫొటోనే.

"నా మొగం మీద కూచున్నావేందప్పా!" అందామె. "చదువు. నాకు అచ్చరాలు రావు కదా."

ప్రేమయ్యది ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతే. కానీ ఒకచోట రెండు కాగితాలు కలిపి తిప్పేశాడు.

"ఆడ ఒకటి ఎగరగొడితివి. మా మనవరాలు శివాని ఫోన్లో అంతా చదివి చెప్పిందిలే. అది నేను చెప్పిన మాటే, చదువు."

ప్రేమయ్య వెనక్కి తిప్పి చదివాడు. "'నా మొగుడు ఓబులేసు దాక్కోని తిరిగేటోడు. సాయంత్రం గ్రంథాలయానికి పోతాడని ఎదుటి పార్టీవాళ్లకు ఎట్ల తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు.'"

పుస్తకం మూశాడు. లేచి, బీరువా అడుగు నుంచి పాత రిజిస్టరు తీసి ఆమె ముందు తెరిచాడు.

"నేనేనమ్మా. టవలు కప్పుకోని వచ్చినాడు. పేరొద్దులే ప్రేమయ్యా అన్యాడు. రూలు రూలే అని రాయించినా. మర్నాడు వాళ్లొచ్చి దీన్ని తిరగేసినారు. నా రిజిస్టరు ముచ్చటగా చూస్తాండారనుకోని, ఎంత శుభ్రంగా పెట్టినానో చూడండప్పా అని గొప్పలు పోయినా."

ఆ సాయంత్రమే ఓబులేసును ఈ మెట్ల మీదే నరికారు.

"ఇన్నేండ్లూ కడుపులో పెట్టుకోని, నేను నమస్కారం పెడితే తీసుకుంటివి కదప్పా," అంది వెంకటలక్ష్మమ్మ. తర్వాత వేలితో కాగితం తడిమింది. "యాడుండాది ఆయన రాసింది?"

చూపించాడు. 'ఓబులేసు, సాయంత్రం ఆరు.'

"వాళ్లు మా ఇల్లు కాల్చినప్పుడు ఆయన చేతిరాత ఒక్క ముక్క మిగల్లేదు. చించియ్యి."

సర్కారు రిజిస్టరు. మూల మడిచినా ఒప్పుకోని మనిషి. కాగితం మొత్తం చించి ఇచ్చాడు.

ఆమె దాన్ని రవికలో దోపుకుని గడప దాకా పోయి ఆగింది.

"ఏమప్పా, దీనికి ఏలిముద్ర ఎయ్యల్నా?"