షేరు పై దవడ పన్ను

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉందనగా, ఒక జూన్ నెలలో నన్ను మెదక్ వైపు నుంచి జూబ్లీహిల్స్ పరిధిలోని ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. అప్పటిదాకా నా పనంతా గేదెలతో, మేకలతో. ఇక్కడికి వచ్చేవి కుక్కలు, వాటితో పాటు సినిమా వాళ్ల కాగితాలు. షూటింగ్‌లో జంతువును వాడాలంటే అది ఆరోగ్యంగా ఉందని పశువైద్యులు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సంతకం కోసం చాలామంది నా దగ్గరికే వచ్చేవారు.

ఆ చలికాలం ఒక ఉదయం యాదగిరి అనే అతను తన లాబ్రడార్‌ను తీసుకొచ్చాడు. యూసుఫ్‌గూడలో ఉంటూ సినిమాల కోసం కుక్కలకు తర్ఫీదు ఇవ్వడం అతని వృత్తి. కుక్క పేరు షేరు. వెంట ప్రొడక్షన్ మేనేజరు ప్రసాద్ కూడా వచ్చాడు. మర్నాటి సన్నివేశంలో షేరు తాడును పళ్లతో పట్టుకుని గోతిలో పడిన హీరోను పైకి లాగాలట.

షేరు ఎడమ కంటి కింద చిన్న వాపు కనిపించింది. అడిగితే యాదగిరి, "తేనెటీగ కుట్టినట్టుంది మేడం. చుక్కల మందు ఏస్తున్న. తగ్గుతది, మల్లొస్తది" అన్నాడు.

తగ్గి మళ్లీ వచ్చే వాపు అనగానే అనుమానం వచ్చింది. కుక్క పై దవడలో మాంసాన్ని కోసే పెద్ద పన్ను ఒకటి ఉంటుంది. దాని వేర్లు దాదాపు కంటి కిందిదాకా వెళతాయి. అది పగిలి వేరులో చీము పడితే కంటి కిందే వాస్తుంది. పెదవి ఎత్తి చూశాను. పన్ను ఒక పక్క పెచ్చులా లేచిపోయి, లోపలి గుజ్జు నల్లబడింది. చిగురు ఉబ్బి, తాకితే నెత్తురు వచ్చింది. పళ్ల మీద గార కూడా ఎడమవైపే ఎక్కువ. అంటే ఆ వైపు నమలడం మానేసి చాలా రోజులైంది. పళ్లు గట్టిపడతాయని యాదగిరి రోజూ మూలుగ ఉండే గట్టి నల్లి ఎముకలు వేస్తున్నాడట. పన్ను పగిలింది వాటివల్లే.

పాత ఫైలు తీయించాను. నాలుగు నెలల కిందట షేరుకు సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. 'నోరు: సాధారణం' అని నా చేతిరాతే ఉంది. ఆ రోజు నోరు తెరిచి చూసిన గుర్తు మాత్రం లేదు.

ఈసారి సర్టిఫికెట్ ఇవ్వనని చెప్పాను.

"పొద్దున్నే శుభ్రంగా తిని వచ్చిందండీ. నొప్పి ఉంటే తింటుందా?" అన్నాడు ప్రసాద్. ఆకలేస్తే కుక్క నొప్పితోనే తింటుందని చెప్పాను. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేసి సంతకం పెట్టేయమన్నాడు. నొప్పి తెలియకపోతే కుక్క ఇంకా గట్టిగా లాగుతుంది, దవడ ఇంకా పాడవుతుంది. అందుకే కుదరదన్నాను. అతను బయటికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. కాసేపటికి మా పై అధికారి నుంచి నాకు ఫోను వచ్చింది.

"కుక్క పన్నే గదమ్మా, జర చూడండి" అన్నారాయన.

"మీరు వచ్చి పరీక్షించి ఫిట్ అని రాయండి సార్. లేదా నన్ను రాయమని కాగితం మీద ఆదేశం పంపండి. దాని కింద నేను చూసింది కూడా రాస్తాను" అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు. నేను రిజిస్టరులో 'అన్‌ఫిట్' అని రాసి, కారణం రాసి, ముద్ర వేశాను.

యాదగిరి మాట మాత్రం గట్టిగానే తగిలింది. "మీ నౌకరీ ఏడికి పోదు మేడం. రేపు వేరే కుక్కను వెట్టుకుంటరు. మల్ల మమ్మల్నెవరు పిలుస్తరు?"

అతని చేతికి టార్చి ఇచ్చి లోపలికి చూడమన్నాను. ఆ పన్ను మీద పరికరంతో మెల్లగా తట్టాను. ఎవరు ముట్టుకున్నా కదలని షేరు తల విదిలించి మూలిగింది. యాదగిరి టార్చి ఆర్పేసి దాని మెడ నిమిరాడు.

శ్రీనగర్ కాలనీలో తెలిసిన డాక్టరున్నాడని, అక్కడ సంతకం అయిపోతుందని ప్రసాద్ తొందరపెట్టాడు.

"సంతకం ఎవరన్న వెట్టనీయి సార్. కుక్క నాది. నేను తీస్కరాను" అన్నాడు యాదగిరి.

రక్తపరీక్ష చేసి, పన్నుకు ఎక్స్‌రే తీసి, మూడో రోజు షేరుకు పూర్తి మత్తు ఇచ్చాం. నీళ్లు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా శ్వాసనాళంలో గొట్టం పెట్టాం. పన్నును ముక్కలుగా కోసి మూడు వేర్లనూ విడివిడిగా తీసి, చిగురు కుట్టాను. మిగతా పళ్లకు చిగురు లోపలిదాకా గార తీశాను. మత్తు లేకుండానే కుక్కల పళ్లు తెల్లగా చేస్తామని ఈ చుట్టుపక్కల కొన్ని పెంపుడు జంతువుల పార్లర్లు బోర్డులు పెట్టాయి. అక్కడ గీకేది పైకి కనిపించే గారనే. చిగురు కింద ఉన్న జబ్బు అలాగే ఉంటుంది. ఈ మాట అప్పుడు యాదగిరికీ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

సినిమాలో వేరే కుక్క నటించింది. ఆ సంస్థ యాదగిరిని మళ్లీ పిలవలేదు. కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాక అతనికి వేరే చోట్ల పని దొరికింది. నోటితో బరువు లాగే పని మాత్రం ఒప్పుకోనని ముందే చెప్పేవాడు. షేరుకు రోజూ బ్రష్ చేయడం నేర్చుకున్నాడు. కుక్కలు పేస్టు మింగేస్తాయి, మన పేస్టు కడుపులోకి పోతే వాటికి హాని కాబట్టి అది వాడొద్దని చెప్తే, కుక్కల పేస్టే తెచ్చుకున్నాడు.

సినిమా యూనిట్‌కు సహకరించలేదని నాకు మెమో వచ్చింది. ఎక్స్‌రే జతచేసి సంజాయిషీ రాశాను. నాలుగు నెలల కిందట చూడకుండా 'సాధారణం' అని రాయడం నా తప్పని, ఈసారి చూసి నిరాకరించడం తప్పు కాదని అందులో స్పష్టంగా పెట్టాను. మెమో తర్వాత ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు.

మనం చూడని దాన్ని బాగుందని రాయకూడదు. చూసిన దాన్ని ఎవరు చెప్పినా మార్చి రాయకూడదు. ఈ రెండింటిలో మొదటిది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.