ముల్లు లేని బ్లాక్‌బెర్రీకి నా గ్యారంటీ

మొన్న ఆదివారం పొద్దున పదిన్నరకు నేనెక్కడున్ననో తెలుసా? సీతాఫల్‌మండిల ఒక డాబా మీద, ఒక మొక్కను కౌగిలించుకొని! ప్రేమతోని కాదు. విడిపించుకోరాక! నవ్వుండ్రి, పర్వాలేదు. మా ఇంట్ల అప్పటిసంది అదే పని నడుస్తున్నది.

అసలు కత మూడేండ్ల కింద షురూ అయింది. గులాబీల కోసమని అల్వాల్ దిక్కు ఒక నర్సరీకి పోయిన. అక్కడాయన ఒక తీగలాంటి మొక్క చూపించి, "సార్, ఇది బ్లాక్‌బెర్రీ. థార్న్‌లెస్. చెయ్యి పెట్టి చూడుండ్రి, ఒక్క ముల్లు సుత ఉండదు" అన్నడు. పెట్టి చూసిన. నిజమే, సబ్బు రాసినట్టు నున్నగున్నది. గులాబీలు మర్చిపోయి దాన్ని పట్టుకొని పద్మారావు నగర్‌ల మా మేడ మీదికి తెచ్చుకున్న.

మన ఎండలకు అది బతకదని అందరు అన్నరు. నేను వింటనా? గ్రీన్ నెట్ కట్టిన. పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు. "నాకు జరమొచ్చినప్పుడు గిన్నిసార్లు నీళ్లియ్యలే మీరు" అన్నది మా ఆవిడ సునీత. మొదటి ఏడు ఒక్క పువ్వు రాలే. ఆ కొమ్మలు రెండో ఏడుకు గాని కాయవట, నాకేం తెలుసు! రెండో ఏడు ఎండలు ముదరకముందే తెల్లటి పూలొచ్చినయ్. కాయలు ఎర్రగైనయ్, ఆ తర్వాత నల్లగైనయ్.

నల్లగైందో లేదో మొదటిది తెంపి ఖలీల్ భాయ్‌కి పెట్టిన. ఖలీల్ భాయ్ సీతాఫల్‌మండిల టైలర్, నాకు ఇరవయ్యేండ్ల దోస్తు. నోట్ల వేసుకున్నడు. ఒక కన్ను మూసుకపోయింది. రెండో కంట్ల నీళ్లొచ్చినయ్.

"శ్రీను భాయ్, ఇది పండా, చింతకాయకు తమ్ముడా?"

నల్లగైతే పండినట్టు కాదట. పండు మీది మెరుపు పోయి, ముట్టుకోంగనే చేతిలకు రావాలెనట. ఈసారి నాలుగు రోజులు ఓపిక పట్టి, చిన్న డబ్బాల వాళ్ల అమ్మీకి పంపించిన. అమ్మీకి ఎనభై దాటినయ్. కండ్లు మసక, వెలుగు చీకటి తప్ప ఏం కనపడదు. అయినా రోజు పొద్దున డాబా ఎక్కి, పుదీనా, కరివేపాకు, మల్లె, అన్నీ చేత్తోనే తడిమి పలకరిస్తది. ఏ మొక్కకు కొత్త చిగురొచ్చిందో ఖలీల్ కంటె ముందు ఆమెకే తెలుస్తది.

పండు తిని నన్ను పిలిపించుకున్నది. "బేటా, దీని పిల్ల మొక్క ఒకటి నాకియ్యి. కాని ముల్లుంటె మాత్రం వద్దు. నేను చూసుడంటె చేత్తోనే కదా!"

"అమ్మీ, ముల్లు అన్న మాటే లేదు. నాది గ్యారంటీ!"

గ్యారంటీ ఇచ్చుడైతే ఇచ్చిన. పిల్ల మొక్క ఎట్ల పుడ్తదో నాకు తెల్వదు. నర్సరీ ఆయన్ను అడగొచ్చు. అడిగితే మనకు తెల్వదని ఆయనకు తెలుస్తది కదా! ఊకున్న.

అదృష్టం జూడుండ్రి, అదే వానకాలంల మొక్కను పెద్ద డ్రమ్ములకు మార్చిన. వేర్లు పాత సంచి నిండ పాకినయ్. ఊడిరాకపోతే కత్తితోని కోసి, మొక్కను లేపి, మిగిలిన మట్టి సంచిని మూలకు జరిపిన. ఇరవై రోజులకు ఆ మట్టిలకెల్లి ఒక మొలక వచ్చింది! ఆకు సేమ్ టు సేమ్. ముల్లు లేని తల్లికి ముల్లు లేని పిల్ల, ఇంకేం కావాలె? చిన్న కుండీల పెట్టి, దానికి రిబ్బన్ కట్టి మరీ అమ్మీకి ఇచ్చిన. రిబ్బన్ ఖలీల్ షాపుదే అనుకోండి.

నాలుగు నెలలకు ఖలీల్ ఫోన్ చేసిండు.

"భాయ్, నీ మొక్కకు గడ్డం మొలుస్తున్నదని అమ్మీ అంటున్నది."

"గడ్డమేంది?"

"ఏమో, గరుకు గరుకుగ ఉన్నదట."

"నూగు భాయ్ అది! లేత కొమ్మలకు ఉంటది, పెద్దగైతే పోతది" అన్న, పెద్ద సైంటిస్టు లెక్క.

పది రోజులైనంక మళ్ల ఫోన్. "భాయ్, గడ్డం పోలే, పెరిగింది. అమ్మీ వేలుకు గుచ్చుకున్నది."

అప్పుడన్న నాకు బుద్ధి రావాలె కదా? కోపమొచ్చింది! నా మొక్కను అంటరా! "పక్కన గులాబీ కుండీ ఉన్నదేమో జెర చూడు భాయ్. అమ్మీ దాన్ని ముట్టుకొని ఉంటది" అన్న.

ఖలీల్ మెల్లగ అన్నడు: "నువ్వే వచ్చి చూడు."

ఆదివారం మా బామ్మర్ది కిట్టు గృహప్రవేశం. ఖలీలే కుట్టిన కొత్త కుర్తా వేసుకొని, సునీతను స్కూటర్ ఎక్కించుకొని, దార్ల ఖలీల్ ఇంటి ముందు ఆపిన.

"అయిదు నిమిషాలు. మొక్క చూసి వస్త."

"మీ అయిదు నిమిషాలు నాకు తెల్వదా? తొందరగ రాండ్రి, తమ్ముడు ఎదురు చూస్తడు" అన్నది సునీత.

కళ్లజోడు డిక్కీలనే ఉన్నది. మళ్ల డిక్కీ ఎవలు తెరుస్తరని మెట్లెక్కిన. పైన అమ్మీ కుర్చీల కూసున్నది, వేలుకు పట్టీ ఉన్నది. ఖలీల్ చేతులు కట్టుకొని నిలబడ్డడు. మొక్క నాకంటె ఎత్తు పెరిగింది, కొమ్మలు విల్లు లెక్క వంగి ఉన్నయ్. నా కండ్లకు పచ్చగ, నున్నగ, మస్తుగ కనపడ్డది.

"ఏదీ ముల్లు?"

"భాయ్, జెర మెల్లగ..."

"అరే, ముల్లు లేని మొక్కకు మెల్లగేంది? అమ్మీ, జెర చూడుండ్రి!" అని రెండు చేతులు చాపి, కొమ్మలన్నిటిని ఛాతికి హత్తుకున్న.

ఆ తర్వాత నేను అరిచిన అరుపుకు పక్క డాబా మీద పావురాలన్నీ లేచినయ్.

వెనకకు గుంజుకుంటె రాదు! ఆ ముళ్లు కొక్కేల లెక్క ఉన్నయ్. ముందలికి పోతే ఏం కాదు, వెనకకు వస్తే మాత్రం గట్టిగ పట్టుకుంటయ్. చేయి కదిలిస్తే భుజం పట్టింది. భుజం కదిలిస్తే ఒక కొమ్మ చుట్టూ తిరిగొచ్చి వీపు పట్టింది. జేబుల ఫోన్ మోగుతున్నది, సునీతదే. ఎత్తుదామంటే చేతులు నాయి కావు, మొక్కవి.

"కదలకు!" అని ఖలీల్ ఉరికొచ్చిండు. దోస్తు కోసం పరేషాన్ అయిండనుకున్న. "కదిలితే కుర్తా చిరుగుతది భాయ్! నాలుగు దినాలు కుట్టిన దాన్ని!"

కింది నుంచి కత్తెర తెచ్చి, ఒక్కొక్క కొమ్మ కోసుకుంట, ఒక్కొక్క ముల్లు ఊడదీసుకుంట ఉన్నడు. అప్పుడు అమ్మీ కుర్చీలకెల్లి అన్నది:

"బేటా, నాకు కండ్లు లేక చెయ్యి పెట్టి చూసిన. నీకు కండ్లుండి సుత ఒళ్లంత పెట్టి చూసినవ్!"

ఖలీల్ చేతులకెల్లి కత్తెర జారింది. కూసుండి నవ్వుతున్నడు. అంతల సునీత మెట్లెక్కి వచ్చింది. నన్ను చూసింది, మొక్కను చూసింది. నా భార్య ముందుగాల ఏం చేసిందో చెప్పాల్నా? ఫోటో తీసింది!

బయటపడ్డంక నా చేతుల గీతలకంటె అమ్మీ వేలు పట్టీనే నాకు తక్లీఫ్ అనిపించింది. ఆమె వేలు పట్టుకొని, "మాఫ్ చెయ్యుండ్రి అమ్మీ, మీరే నిజం చెప్పిండ్రు. నేనే పెద్దరికానికి పోయిన" అన్న. "పండు తీపిగుంటె మాఫ్" అన్నది.

అక్కడి నుంచే నర్సరీ ఆయనకు ఫోన్ కొట్టిన. ఆయన అంత విని నిట్టూర్చిండు. "సార్, గీ రకానికి ముల్లు లేనిది పైన కొమ్మలకే. వేర్లల్ల పాత ముళ్ల గుణమే ఉంటది. కొమ్మ కొస వంచి మట్టిల పెడితే నున్నటి పిల్ల వస్తది. వేరు నుంచి వస్తే ముళ్లే. ఒక్క మాట అడగొద్దా?"

ఇప్పుడు మా మేడ మీద ఒక కొమ్మ కొసను చిన్న కుండీల వంచి పెట్టిన, అమ్మీ కోసమే. కళ్లజోడు పెట్టుకొని రోజూ తడిమి చూస్తున్న.

ఇగ గృహప్రవేశానికి తొమ్మిది చిల్లుల కుర్తాతోని పోయిన. సునీత ఆ ఫోటోను వంటవాళ్లకు సుత చూపించింది. సాయంత్రం కిట్టు నన్ను పక్కకు తీసుకపోయిండు. నవ్వుతడనుకుంటె, మొహం సీరియస్‌గ పెట్టిండు.

"బావా, మా ఎనక గోడ దూకి మేకలొస్తున్నయ్. ఆ ముళ్ల మొక్కలు ఇరవై దొరుకుతయా?"

మూడేండ్లు నీడ కట్టి, నీళ్లు పోసి, పండ్లు తినుండ్రని ఇల్లిల్లు తిరిగితే ఇంకో రెండు ఇయ్యుమని అడిగినోడు లేడు. తప్పుజేసి పుట్టించిన ముళ్లకు మాత్రం ఇరవై మొక్కల ఆర్డర్! రాత్రి అన్నం తినంగనే మేడెక్కి, ఆ మట్టి సంచిల మిగిలిన వేర్లు లెక్కపెట్టుకున్న.